సానరాయి ఖాతా

బెల్మీరు మామ సైకిల్ ఆపి స్టాండు వేసి
పెడల్ తొక్కితే చక్రం ఎటూ పోదు.
బెల్టు మీదుగా హ్యాండిల్ పక్కనున్న సానరాయి తిరుగుతుంది.
పోర్టోలో ఇలా తిరిగే రాళ్ళు
ఇంకెన్ని మిగిలాయో నాకు తెలీదు.
ఆయన్నడిగితే వేళ్ళు లెక్కపెట్టి
ఒక వేలు మళ్ళీ ముడుస్తాడు.

ముందు ఈల.
తెల్ల ప్లాస్టిక్ గొట్టాల వరస పెదాల మీద జార్చి
కింద నుంచి పైకి, పై నుంచి కిందికి.
ఒకప్పుడు ఆ ఈలకి
వీధి వీధంతా కిటికీలు తీసి
తాడు కట్టిన బుట్టల్లో కత్తెరలు దించేదట.
కిటికీలు ఇప్పుడూ తీస్తారు,
మూడు రాత్రులకి గది తీసుకున్న అతిథులు.
ఫోటో తీసి, మూసేస్తారు.
వాళ్ళ వంటగదిలో కత్తులు వెన్న కూడా కొయ్యవు.
అయినా అవి వాళ్ళవి కావు.

అందుకే ఖాతా తెరిచాను.
ఏజెన్సీలో షాంపూల కోసం నేర్చిన విద్యంతా ఒలకబోశాను.
నీలం అక్షరాల లోగో, వారానికి ఐదు పోస్టులు,
నిప్పురవ్వలు నెమ్మదిగా రాలే వీడియో,
దాని వెనక ఆ వారం లోకమంతా ఎగురుతున్న పాట.
అడగందే అమ్మయినా పెట్టదు కదా,
ప్రతి పోస్టు చివరా "ఇప్పుడే పిలవండి."
నలభై వేలమంది చూశారు.
వచ్చిన కత్తులు పదకొండు.
అందులో రెండు మా అమ్మవి.

"మరి ఆ చూసినవాళ్ళంతా ఏరే, బెనెదితా?"
మామ ఫోన్ తిరగేసి వెనక వైపు చూశాడు,
జనం అక్కడ దాక్కున్నట్టు.

ఒకరోజు పాట పెట్టడం మర్చిపోయాను.
ఉత్త ఈల వెళ్ళింది.
రాత్రికల్లా లక్సెంబర్గ్ నుంచి ఒక లారీ డ్రైవరు:
"ఆరేసిన బట్టలు తియ్యండి, వాన వస్తుంది."
సాన మనిషి ఈల వేస్తే వాన పడుతుందని
ఇక్కడి ముసలమ్మల మాట.
బొన్‌ఫిమ్ నుంచి ఒకావిడ: "మా వీధికి ఎప్పుడు?"
ఇంకొకామె:
"మా అమ్మ కుట్టుకత్తెర. తుప్పు పట్టింది.
పిడి మీద తన పేరు గీసుకుంది.
పేరు పోకుండా పదును పెడతాడా?"

తలా ఒక ఎర్ర గుండె నొక్కి ముందుకు జరగబోతే
మామ నా మణికట్టు పట్టుకున్నాడు.
"కిటికీ తీసి అడిగిన మనిషికి
బొమ్మ చూపించి పోతానా నేను?"
ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను,
పళ్ళెంలో చేప చల్లారి బిగిసేదాకా.
డ్రైవరుకి: "ఇక్కడ మొదలైంది. అక్కడో?"
కత్తెరామెకి: "పేరు పిడి మీద ఉంది. నా పని అంచు మీద."

తర్వాత వచ్చింది నిష్ఠూరం.
ఒకే ఒక్క నక్షత్రం.
"నా రొట్టెకత్తి పళ్ళు అరగదీశాడు. వితోరీను."
చెరిపేద్దాం అన్నాను.
మా విద్యలో అది మొదటి పాఠం.
మామ చిన్న ఆకురాయి జేబులో వేసుకుని
లిఫ్టు లేని నాలుగంతస్తులు ఎక్కాడు.
గంటన్నరకి దిగాడు, మీసానికి క్యాబేజీ సూపుతో.
"తప్పు నాదే. ఆ మాట కూడా అందులో రాయి."
రాశాను.
దాని కింద వితోరీను:
"ఇప్పుడు కోస్తోంది. మనిషి సూపు బాగా తాగుతాడు."

నా నీలం లోగో ఆర్నెల్లలో చెయ్యలేనిది
ఆ సూపు వారంలో చేసిందని చెబుదామనుకున్నాను.
ఏమో. పండగ ముందు వారం అది,
అందరికీ కత్తులు గుర్తొచ్చే వారం.

నిన్న బొన్‌ఫిమ్‌లో, సన్నటి జల్లు.
రెండో అంతస్తులో ఒక పిల్ల కిటికీ తీసింది.
ఒక చెవి ఫోనుకి, ఒక చెవి వీధికి.
రెండు ఈలలూ ఒకటేనా అని సరిచూసుకుంది.
"ఫోన్లో చివర దగ్గు లేదు!" అని అరిచింది.
నేనే కత్తిరించాను దాన్ని.
మామ నవ్వబోయి, మళ్ళీ దగ్గాడు.
తాడు తడుస్తూ బుట్ట దిగింది.
అడుగున రెండు కత్తెరలు,
ఒకటి పిల్లదే, మొద్దు మూతిది,
కాగితం కూడా తెగనిది.